బీరపాదు కింద డబ్బా

గిన్నె అడుగును వేలితో తుడిచి చూసింది నర్సింహమ్మ. వేలికి తడి తప్ప ఏమీ అంటలేదు.

"తోడుకు సుత ఉంచలే గదనే! గిన్నె నాకినవా, కడిగినవా?"

అద్దం ముందు జడ వేసుకుంటున్న నిషిత వెనక్కి తిరగకుండానే జవాబిచ్చింది. "రెండు చెంచాలే ఉండె నాయినమ్మా. తిన్న."

"ఆ రెండు చెంచాలే రేపటి పెరుగు. తినేటోళ్లకేం తెలుసు, తోడేసేటోళ్లకు తెలుస్తది."

"దుకాణంల పాకెట్ దొరకదా?"

"పాకెట్‌తోని తోడేస్తె పెరుగు కాదు, జిగురైతది. నేను కాపురానికొచ్చిన కాన్నుంచి ఈ ఇంట్ల పాకెట్ తోడు రాలే."

"అంటే ఇన్నేండ్ల సంది నీ పెండ్లినాటి పెరుగే తింటున్నమా?"

రాత్రి డ్యూటీ చేసి వచ్చి చాప మీద పడుకున్న సత్తయ్య ముఖం మీది తువ్వాల తీసి, తల్లినీ బిడ్డనూ మార్చి మార్చి చూశాడు. "పెరుగు మీద పంచాయతా? జెర పండనియ్యిన్రి. ముందు పెరట్ల ఆ డబ్బా పారబోయిన్రి, ఆ కంపుకే నిద్ర పడ్తలేదు."

"డబ్బా జోలికి రాకు. బీరపాదు దాని మీదనే బతుకుతున్నది," అంది నర్సింహమ్మ, తగవును కొడుకు వైపు తిప్పుకుంటూ.

వెంకటలక్ష్మి టిఫిన్‌కు మూత బిగించింది. ఒకవైపు సరిగా పడలేదనిపించి, తీసి మళ్లీ బిగించింది. "తోడు నేను సాయంత్రం తెస్త తియ్యి అత్తమ్మా."

"ఇయ్యాల శుక్రారం. దీపం పెట్టినంక ఎవలిస్తరు? జల్దీ రా."

ఆ డబ్బా ఇరవై లీటర్ల రంగు డబ్బా. రెండు నెలల కింద వెంకటలక్ష్మి పనిచేసే చోటు నుంచి నల్లటి గడ్డిరసం అందులో తెచ్చింది, పాదుకు ఎరువని. సగం పోశాక సగం మిగిలింది. ఒకప్పుడు రెండు బర్రెలను సాకిన నర్సింహమ్మకు కుడితి మోరీలో పోయడానికి చేతులు రావు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు రోజూ అందులో వేసి, కంపు తగ్గాలని పొయ్యిలోని బూడిద గుప్పెడు చల్లేది. ఈగలు వాలకుండా మూతికి పాలిథిన్ కవరు పరిచి దారం చుట్టేది. ఎడమ కంటికి పొర ముదిరి చూపు మసకైంది కనుక ఇదంతా చేతి తడుము మీదే. వచ్చే నెల ఆ కంటికి ఆపరేషన్. సత్తయ్య వాచ్‌మన్ కొలువుకు ఆస్పత్రి ఖర్చు భరించే ఈఎస్ఐ కార్డు లేదు. వెంకటలక్ష్మి పనికి ఉంది. ఆ కార్డు మీదే అత్త పేరు రాయించారు.

చిట్కుల్ నుంచి షేర్ ఆటోలో పావుగంట. పటాన్‌చెరు వైపు పెద్ద ఫ్యాక్టరీల ప్రహరీల వెనక, వరిగడ్డి నుంచి గ్యాసు తీసే చిన్న యూనిట్. కోతలయ్యాక హత్నూర దిక్కు రైతులు పొలంలోనే తగలబెట్టే గడ్డిని ఇప్పుడు ట్రాక్టర్ల మీద ఇక్కడికి తెస్తున్నారు. వెంకటలక్ష్మి దాన్ని కత్తిరించి నానబెడుతుంది. ఆ నానిన గడ్డిని తిని గ్యాసు విడిచేవి కంటికి కనపడని బ్యాక్టీరియా. వాటిని కనిపెట్టుకుని ఉండే వంశీ సార్ కల్చర్ అంటాడు. కాంట్రాక్టర్ తరఫున మనుషులను చూసుకునే యాదన్న మందు అంటాడు. రుఖయ్యా మాత్రం "మా బచ్చాలు" అంటుంది.

రుఖయ్యాది వాళ్ల గల్లీయే, మూడిళ్ల అవతల. సీడ్ డ్రమ్ము ఆమె పని. ఏభై లీటర్ల ఆ నీలం డ్రమ్ములో పెరిగే కల్చర్‌నే పెంచి పెంచి పెద్ద ట్యాంకులో పోయాలి. మరమ్మతు కోసం ట్యాంకు ఖాళీ చేశారు కాబట్టి ఇప్పుడు ప్రాణమంతా డ్రమ్ములోనే ఉంది. పొద్దున రాగానే రుఖయ్యా బురఖా కూడా విప్పకముందే డ్రమ్ముకు అరచెయ్యి ఆనించి చూస్తుంది, జ్వరం చూసినట్టు. తర్వాత మూత నుంచి వచ్చే సన్న పైపు చివర నీళ్ల సీసాలో బుడగలు లెక్కపెడుతుంది. బుడగలు వస్తుంటే లోపల అంతా బాగున్నట్టు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, షుగరు డాక్టరుకు చూపించడానికి తల్లి రహీమున్నీసాను సంగారెడ్డి తీసుకుపోవాలని సెలవడిగి వెళ్లింది రుఖయ్యా. పోతూ పోతూ, "నాలుగింటికి గడ్డి నానిన రసం ఒక మగ్గు డ్రమ్ముల పొయ్యి అక్కా. ఎక్కువ పొయ్యకు, అరగదు వాటికి," అంది.

ఆమె గేటు దాటగానే యాదన్న వచ్చాడు. "సోమారం బ్యాంకోళ్లు వస్తున్నరు లక్ష్మీ. లోన్ సంగతి వాళ్ల చేతులనే ఉన్నది. నేల అద్దం లెక్క మెరవాలె. డ్రమ్ములు బయట తుడువు. లోపటివి ముట్టకు."

నేల కడిగింది. డ్రమ్ముల అడుగులు, గోడ మూలలు, పైపుల కీళ్లు బ్లీచింగ్ వేసి రుద్దింది. ఏ పనైనా ఆమెకు పైపైన చేసి వదిలేయడం రాదు. ఇంట్లో గిన్నెలు కూడా లోపలికంటే వెనకవైపే ఎక్కువ తోముతుంది. అంతా తెల్లబడ్డాక సీడ్ డ్రమ్ము మీది గరాటా ఒక్కటి మిగిలింది. రసం పోసి పోసి దాని లోపల నల్లటి పాకుడు పట్టి ఉంది. వచ్చేవాళ్ల కళ్లు మొదట దాని మీదే పడతాయనిపించింది. బకెట్లో రెండు గుప్పెళ్ల బ్లీచింగ్ కలిపి గరాటాలో పోసి, కొబ్బరి పీచుతో రుద్దింది. పోలేదు. ఇంకో బకెట్ కలిపింది. రెండో బకెట్ అయిపోయేసరికి పాకుడంతా ఊడి, గరాటా కొత్తదానిలా వచ్చింది. ఆ నీళ్లు ఎటు పోయాయన్నది ఆమెకు తట్టలేదు. తెల్లగా వచ్చిందన్నదే కనిపించింది.

ఆ సంతోషంలోనే ఆటో ఎక్కింది. ఇంటికి చేరేసరికి గడప దగ్గర దీపం వెలుగుతోంది.

పక్కింటి సుమిత్ర తలుపు సగమే తెరిచింది. "గిప్పుడా వదినే? శుక్రారం, దీపం ముట్టించినంక... పెరుగిస్తె లచ్చిమిని పంపినట్టయితది. నన్ను తిట్టుకోకు."

వెంకటలక్ష్మి ఖాళీ గిన్నెతో వెనక్కి వస్తుంటే మూడిళ్ల అవతలి నుంచి పిలుపు. "ఏమైందక్కా, గిన్నె పట్టుకొని బజార్ల తిరుగుతున్నవ్?"

విని, రుఖయ్యా పకపకా నవ్వింది. "మా ఇంట్ల ఆ పరేషానీ లేదు, దా." కుండలో పెరుగు సగానికి పైగా తీసి గిన్నెలో వేసింది. "తోడుకు చెంచా చాలు గదా!" అని వెంకటలక్ష్మి అంటే, "బిడ్డ తినాలె గదా," అంది. గిన్నె మీద కొంగులా చిన్న గుడ్డ కప్పి ఇచ్చింది. అప్పుడు అడిగింది: "మా బచ్చాలకు రసం పోసినవా?"

"పోసిన," అంది వెంకటలక్ష్మి.

*

శనివారం పొద్దున రుఖయ్యా డ్రమ్ము మీద పెట్టిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

"సల్లగున్నదక్కా."

సీసాలో బుడగ వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి. రుఖయ్యా గోనెసంచులు తెచ్చి డ్రమ్ముకు చుట్టింది, రాత్రి చలి తగిలిందేమోనని. గోరువెచ్చని నీళ్లలో రసం కలిపి పోద్దామని గరాటా మీది మూత తీసి, "ఎంత సాఫ్ చేసినవక్కా!" అంది మెచ్చుకోలుగా.

ఆ బ్లీచింగ్ నీళ్లన్నీ గరాటాలోంచి ఎటు పోయాయో గడ్డి కోత మిషన్ దగ్గర నిల్చున్న వెంకటలక్ష్మికి అప్పుడు తట్టింది. మిషన్‌లోకి గడ్డి తోస్తున్న చెయ్యి ఆగిపోయింది. "చెయ్యి, చెయ్యి! బ్లేడుంది!" అని యాదన్న అరిస్తే గానీ వెనక్కి తీసుకోలేదు.

చెప్పాలనుకుంది. మధ్యాహ్నం తినేటప్పుడు చెబుదామనుకుంది. తినేటప్పుడు రుఖయ్యా తన డబ్బాలోంచి ఖీమా వేసి, ఇంకా వేస్తుంటే, చెప్పలేకపోయింది. ఆదివారం ఒకరోజు ఉంది కదా, వాటంతట అవే కోలుకుంటాయేమో అనుకుంది.

సోమవారం సీసాలో నీళ్లు కదల్లేదు. వంశీ సార్ వయసు ముప్పై దాటదు. గొంతు పెంచడం ఎరగని మనిషి. డ్రమ్ములోంచి కొంచెం తీసి, పులుపు తెలిపే కాగితం ముక్క ముంచి చూశాడు. గ్యాసు పైపు దగ్గర లైటరు వెలిగించి చూశాడు. మంట అంటుకోలేదు. మళ్లీ వెలిగించాడు. ఆ తర్వాత బయటికి వెళ్లి, బ్యాంకువాళ్లకు ఫోన్ చేసి శుక్రవారానికి మార్పించుకున్నాడు.

"ఎనిమిది నెలలు పట్టింది యాదన్నా, వీటికి గడ్డి అలవాటు చేయడానికి," అన్నాడు తిరిగి వచ్చి. "పేడ తెచ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు. కానీ అవి గడ్డి తినడం నేర్చేసరికి వర్షాలు వచ్చేస్తాయి. లోన్ ఆగితే యూనిట్ మూసేయడమే."

"శుక్రారం ఆమె హాఫ్ డే పోయింది సార్," అన్నాడు యాదన్న, రుఖయ్యా వైపు చూడకుండా. "ఆ దినం నుంచే గిట్లయ్యింది."

"రసం పోశారా ఆ రోజు?"

"అక్కకు చెప్పి పోయిన సార్," అంది రుఖయ్యా.

అందరూ వెంకటలక్ష్మి వైపు చూశారు. ఆమె చేతిలో ఖాళీ బకెట్ ఉంది. దాని కమ్మీ చేతికి కోసుకుంటోంది.

"పోసిన సార్. ఒక మగ్గు," అంది. అది అబద్ధం కాదు. అక్కడితో ఆగింది. అత్త మసక కన్ను కళ్ల ముందుకు వచ్చింది.

"అయితే ఆ రోజు పొద్దున ఎక్కువ పోసి ఉంటారు. పులిసిపోయింది," అన్నాడు వంశీ సార్ నిరాశగా, ఎవరినీ తిట్టకుండా. ఆయన లోపలికి వెళ్లాక మిగిలిన పని యాదన్న పూర్తి చేశాడు.

"రేపట్నుంచి రాకు రుఖయ్యా. పైనోళ్లు అడుగుతరు. ఎవలో ఒకలి పేరు చెప్పాలె గదా."

రుఖయ్యా తినని టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. డ్రమ్ముకు చుట్టిన గోనెసంచులు విప్పి మడతపెట్టి గోడవారగా పేర్చింది. చేతి గ్లౌజులు కడిగి, దులిపి, వెంకటలక్ష్మికి ఇచ్చింది. "కొత్తయే. నీకు పనికొస్తయి." గేటు దగ్గర ఒక్కసారి ఆగింది. "ఒక్క మగ్గే పోసిన అక్కా ఆ పొద్దున కూడ. నాకు తెల్వదా?"

*

మంగళవారం సాయంత్రం పెరట్లో నర్సింహమ్మ కేక వేసింది. "ఓ లక్ష్మీ, జెర ఇటు రా. ఈ కవరేంది, పూరీ లెక్క పొంగింది?"

వంట మధ్యలో వదిలి వెళ్లింది వెంకటలక్ష్మి. డబ్బా మూతికి కట్టిన పాలిథిన్ కవరు బిర్రుగా ఉబ్బి ఉంది. వేలితో నొక్కింది. లోపలికి పోయి తిరిగి పైకి లేచింది. చెవి ఆనించింది. లోపల బుడగ పగిలిన చప్పుడు. ఇంకొకటి. పక్కనే పొయ్యి గోడ ఉండడంతో డబ్బా గోరువెచ్చగా ఉంది. ఆమె అరచెయ్యి దాని మీద పెట్టి, అట్లాగే కూర్చుండిపోయింది.

"చెడిపోయిందా ఏంది?"

"లేదత్తమ్మా. మంచిగనే ఉన్నది."

రెండు నెలల కింద ఆ డబ్బా సీడ్ డ్రమ్ములోంచే నిండింది. నింపి ఇచ్చింది రుఖయ్యా. పెద్ద ట్యాంకులోది చిక్కబడిందని, "మీ బీరకాయలు పాలు తాగిన పిల్లల లెక్క పెరగాలె," అని నవ్వుతూ తన డ్రమ్ములోంచి మగ్గుతో ముంచి పోసింది.

బుధవారం పొద్దున వెంకటలక్ష్మి ఒక నీళ్ల సీసా నిండా ఆ రసం పట్టి, మూత వదులుగా పెట్టి, టిఫిన్ సంచిలో నిలబెట్టుకుని తీసుకుపోయింది. ఆటోలో ఒక బీహారీ కుర్రాడు ముక్కు మూసుకుని, "కచరా లేకే జా రహే హో క్యా, ఆంటీ?" అని, చెత్త మోసుకుపోతున్నావా అన్నట్టు అడిగితే, పట్టించుకోలేదు.

వంశీ సార్ మొదట నమ్మలేదు. సీసాకు పైపు తగిలించి, వేడి నీళ్ల తొట్టిలో పెట్టి, తరిగిన గడ్డి వేశాడు. సాయంత్రానికి పైపు దగ్గర లైటరు పెడితే నీలం మంట చిటికెన వేలంత లేచింది. ఆయన కుర్చీలో కూర్చుని గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఇన్నాళ్లు ఏం వేసి బతికించారు?"

"మా అత్తమ్మ కుడితి పోస్తది సార్. బూడిద చల్లుతది."

"బూడిదా!" నవ్వాడు. "అందుకే పులియలేదు. నేను సున్నం కొలిచి వేసేవాణ్ని. ఆవిడకు ఎవరు చెప్పారు?"

"ఎవలు చెప్పలే. కంపు రావద్దని."

"డబ్బా మొత్తం రేపు తెండి. శుక్రవారానికి డ్రమ్ము నిలబెట్టొచ్చు. యూనిట్ బతికినట్టే లక్ష్మి గారూ."

ఆయన ఎప్పుడూ ఆమెను గారూ అనలేదు. వెనకే నిల్చున్న యాదన్న కూడా ముందుకు వచ్చాడు. "ఇగ సీడ్ డ్రమ్ము పని నీదే లక్ష్మీ. పర్మినెంట్ లిస్టుల నీ పేరు నేను రాయిస్త. గడ్డి కోసుడు ఇంకెవలైన చూసుకుంటరు."

ఆమె తలూపింది. పోతూ పోతూ డ్రమ్ము పక్కన గోడవారగా మడతపెట్టి ఉన్న గోనెసంచులను చూసింది. నాలుగు మూలలూ కలిపి, అంచుకు అంచు సరిచేసి ఉన్నాయి. కొలువు పోయిన పూట కూడా మనిషి అంత సరిగ్గా మడతపెట్టింది.

గల్లీలోకి వచ్చేసరికి రుఖయ్యా గడపలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎవరి దుకాణానివో, బస్తా నిండా ఉన్నాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మిరప ఘాటో, మరొకటో తెలియలేదు.

"బచ్చాలెట్లున్నయ్ అక్కా?" అని అడిగింది.

వెంకటలక్ష్మి నిలబడింది కానీ, అట్నుంచి అటే ఇంట్లోకి వెళ్లిపోయింది.

*

సత్తయ్య డ్యూటీకి పోవాలి కనుక ఆ ఇంట్లో పొద్దు గూకకముందే తింటారు. బీరకాయ పప్పు, ఉల్లిగడ్డ ముక్కలు. రుఖయ్యా ఇచ్చిన పెరుగుతో తోడేసిన పెరుగు ఆ ఐదు రోజుల్లో గిన్నె మారి గిన్నె అయి, మధ్యలో ఉంది.

"అమ్మ పర్మినెంట్ అయితదంట నాయినా," అంది నిషిత. యాదన్న ఫోన్ ఇంటికే వచ్చింది, డబ్బా కోసం రేపు ఆటో పంపనా అని.

"అరె! చెప్పవేంది?" సత్తయ్య ముఖం విప్పారింది. "కంపు కంపు అంటుంటి, ఆ కంపే అన్నం పెట్టె."

వెంకటలక్ష్మి అందరికీ వడ్డించింది. తన కంచంలో పెట్టుకుంది. పప్పు కలిపింది. కలిపిన ముద్ద అట్లాగే ఉంచి చెప్పింది.

"డబ్బా నేను తీస్కపోతలేను. రుఖయ్యా తీస్కపోతది. రేపు ఆమెతోని కలిసి పోత."

"ఆమెను తీసేసిన్రు గదా?"

"తీసేసింది నా మూలంగ. గరాటాల బ్లీచింగ్ పోసింది నేను. రెండు బకెట్లు. పురుగులు సచ్చింది దానికి. రేపు సార్‌కు చెప్తున్న."

సత్తయ్య నమలడం ఆపాడు. "ఎవలన్న చూసిన్రా?"

"లేదు."

"మరి? పిస్సా నీకు? గిప్పుడు నెత్తిన పెట్టుకుంటున్నరు. డబ్బా ఇయ్యి, వాళ్ల పని అయితది. ఆమెకు ఇంకోతాన పని చూద్దాం. నేను అడుగుత మా కంపెనీల."

"మిరపకాయలు తీస్తున్నది వాకిట్ల."

"తియ్యనీ. నిన్ను తీసేస్తె? కార్డు పోతది. అమ్మ కన్ను?"

నిషిత నాయినమ్మ వైపు చూసింది. వెంకటలక్ష్మి మాత్రం అటు చూడలేకపోయింది. మూడు రోజులుగా ఆమె నోరు కట్టేసింది ఆ కన్నే. ఇప్పుడు దాని ముందే చెప్పింది.

నర్సింహమ్మ కంచంలో అన్నం తడుముకుంటూ, మాటలు తనవి కానట్టే తింటోంది. పెరుగు గిన్నె దగ్గరికి జరుపుకుంది. చెంచాతో అడుగు దాకా తోడబోయి, ఆగింది. గిన్నె వంచి, బాగున్న కంటికి దగ్గరగా తెచ్చుకుని చూసింది. రెండు చెంచాలంత మిగిలి ఉంది. మూత పెట్టి పక్కకు జరిపి, ఉత్త పప్పుతోనే కలుపుకుంది.

"ఆ శుక్రారం దీపం పెట్టినంక పెరుగిచ్చింది ఆమెనేనా?" అని అడిగింది.

"ఆ, ఆమెనే."

"చెప్పవైతివి." ఇంకో ముద్ద తింది. "నా కన్ను ఎప్పటి సందో గట్లనే ఉన్నది. ఇంకో నాలుగు దినాలు ఉంటది."

"అమ్మా!" అన్నాడు సత్తయ్య.

"నువ్వు తినుర. డ్యూటీకి ఆలిశమైతది."

వెంకటలక్ష్మి ముద్ద నోట్లో పెట్టుకుంది.

చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ నర్సింహమ్మ కోడలి భుజం పట్టుకుంది, ఆసరాకు పట్టుకున్నట్టే.

"రేపు దాన్ని రమ్మను. పొద్దుగాల్నే తీస్కపోన్రి ఇద్దరు. కని మొత్తం గుమ్మరియ్యకున్రి," అంది. "డబ్బాల అడుగున జెర ఉంచున్రి."